సోయి ఉన్నోళ్ల లెక్క: పచ్చ చుక్క, వీగన్ ముద్ర, మన పెద్దల ప్రశ్న

ఈ మధ్య చర్చల్లో రెండు ఇంగ్లీషు మాటలు జంటగా తిరుగుతున్నాయి: వోక్, వీగన్. టీవీ చర్చల్లో ‘వోక్’ ఒక తిట్టు, ‘వీగన్’ ఒక ఎగతాళి. రెండూ పట్నం పిల్లల పోకడలని, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు అవి పట్టవని ఒక నమ్మకం స్థిరపడింది. మన విద్యార్థి సంఘాలు కూడా దీనికి మినహాయింపు కాదు. ముసలోళ్లకు ‘అవగాహన కల్పించాలి’ అనే ధోరణి అక్కడి నుంచే వస్తుంది.

సిద్దిపేట జిల్లా పల్లెల్లో అరవై, డెబ్భై దాటిన దళితులతో కూర్చొని తిండి గురించి మాట్లాడితే ఈ లెక్క తిరగబడుతుంది. ఆ రెండు మాటలు వాళ్లు విని ఉండకపోవచ్చు. వాటి వెనకున్న తగాదా మాత్రం పుట్టినప్పటి నుంచీ ఎరిగినదే. ఎవరు ఏం తింటారో చూసి, ఎవరు ఎంత దూరంలో కూర్చోవాలో తేల్చిన కాలంలో బతికిన తరం అది. అందుకే ప్యాకెట్ మీద ముద్ర అనగానే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న మనం అడగని ప్రశ్న: ఈ ముద్ర ఎవరు వేస్తున్నరు, ఎవరి కోసం?

వోక్ కన్నా ముందే సోయి

‘వోక్’ పుట్టింది అమెరికా యూనివర్సిటీల్లో కాదు, నల్లజాతి ప్రజల మాటల్లో. 1931లో అలబామా రాష్ట్రంలోని స్కాట్స్‌బరోలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద అత్యాచారం చేశారని అబద్ధపు కేసు పెట్టారు. వాళ్ల గురించి లెడ్ బెల్లీ అనే గాయకుడు 1938లో ఒక పాట రికార్డు చేశాడు. ఆ ప్రాంతంలోకి వెళ్లే నల్లవాళ్లు కళ్లు తెరుచుకొని, మేలుకొని ఉండాలని ఆ పాట తర్వాత తన మాటల్లో హెచ్చరించాడు. ‘వోక్’ అంటే అదీ: ప్రాణం కాపాడుకోవడానికి కావాల్సిన మెలకువ. 2014లో ఫెర్గూసన్‌లో పోలీసులు మైకేల్ బ్రౌన్‌ను కాల్చి చంపాక ఆ మాట ప్రపంచమంతా పాకింది. ఆ తర్వాత కొన్నేళ్లకే మితవాదులు దాన్ని వెక్కిరింతగా మార్చేశారు.

తెలంగాణ తెలుగులో ఈ మాటకు సరిపోయే పాత మాట ఒకటుంది: సోయి. ‘సోయి తెచ్చుకో’, ‘సోయి లేకుండ తిరుగుతున్నవా’ అని పెద్దలు అంటుంటారు. దొర గడీ ముందు నుంచి నడిచేటప్పుడు చెప్పులు ఎక్కడ విప్పాలో తెలిసి ఉండటం ఒకప్పుడు సోయి. ఆ చెప్పులు ఇక విప్పకూడదని నిర్ణయించుకోవడం తర్వాతి కాలపు సోయి. 1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు, 1994లో మొదలైన దండోరా. ఈరోజు ముసలివాళ్లయిన మనవాళ్లు ఆ రోజుల్లో సభలకు లారీలెక్కి వెళ్లినవాళ్లు. మేలుకోవడం గురించి వాళ్లకు పాఠం చెప్పే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొత్త తరం మెలకువ మీద వాళ్లకు ఒక ఫిర్యాదు ఉంది. పిల్లలు మాటలను దిద్దుతారు, మనిషి దగ్గరికి రారు అంటారు. ముసలమ్మ నోట ‘హరిజన’ అనే మాట దొర్లితే వెంటనే సరిదిద్దే మనం, ఆమె పింఛన్ ఆగిపోయిన నెల మండలాఫీసుకు తోడు వెళ్తున్నామా? ఈ ఫిర్యాదులో కొంత తరాల మధ్య ఉండే సణుగుడు ఉంది. సరైన మాట వాడటం కూడా పోరాటంలో భాగమే కాబట్టి మాటలు దిద్దడం మానేయలేం. అయినా మిగిలిన ఫిర్యాదు నిజమే.

చుక్కలు ఎలా పుట్టాయి

ప్యాకెట్ల మీద కనిపించే పచ్చ చుక్క 2001లో ఆహార కల్తీ నిరోధక నిబంధనల సవరణతో వచ్చింది. మాంసాహారానికి గోధుమ రంగు చుక్క పెట్టారు. 2020 నిబంధనలు దాన్ని గోధుమ రంగు త్రికోణంగా మార్చాయి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో వీగన్ ఆహారానికి ప్రత్యేక గుర్తును ప్రకటించింది. 2022లో దానికి నిబంధనలు నోటిఫై చేసింది. ఆకుపచ్చ ‘వి’ అక్షరం, దానికొక చిన్న ఆకు. పాలు, గుడ్డు, తేనె మొదలుకొని జంతువుల నుంచి వచ్చే ఏ పదార్థమూ అందులో ఉండకూడదు, తయారీలో వాడకూడదు.

ఇప్పుడు ఈ రెండు ముద్రలను పక్కపక్కన పెట్టి చూడండి. పచ్చ చుక్క నిర్వచనం ప్రకారం మాంసం, చేప, గుడ్డు మాంసాహారం. జంతువు నుంచి వచ్చే పాలు, తేనె మాత్రం మాంసాహారం కాదని నిబంధనలోనే మినహాయించారు. కోడి పెట్టిన గుడ్డు గోధుమ రంగు వైపు, బర్రె ఇచ్చిన పాలు పచ్చ రంగు వైపు. దీన్ని జీవశాస్త్రం వివరించలేదు. ఆరోగ్యమూ వివరించలేదు. ఒక సామాజిక వర్గపు వంటిల్లు దీన్ని వివరిస్తుంది. ఆ వంటింట్లో ఏది చెల్లుతుందో అదే దేశమంతటికీ ‘శాకాహారం’ అయింది. దాన్ని శాస్త్రీయమైన గుర్తుగా ఇరవై ఏళ్లకు పైగా మనమందరం చూస్తూ వచ్చాం.

వీగన్ ముద్ర వల్ల మనకు జరిగిన మేలు ఇదే. పాలు కూడా జంతు పదార్థమేనని ప్రభుత్వ సంస్థే కాగితం మీద ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ముద్ర వేసుకొని తిరిగే వాళ్లలో చాలామందికి ఈ పర్యవసానం పట్టలేదు కానీ, పచ్చ చుక్క పవిత్రతకు అక్కడే చిల్లు పడింది.

మరో లెక్క కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వపు శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ 2014 బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో దాదాపు 98.7 శాతం మాంసాహారులు. దేశంలో ఇదే అత్యధికం. నూటికి ఒకరో ఇద్దరో పాటించే తిండి ‘శుద్ధం’ అయి, మిగిలిన అందరి తిండికి ‘నాన్’ అనే లేని గుణం అంటుకుంది. మన ఊళ్లలో మాంసాన్ని ‘నీసు’ అంటాం. ఆ మాటను ఆనుకొని ‘నీచం’ వినిపిస్తుంది. చుక్క రాకముందే మన నాలుక మీద ముద్ర పడింది.

పాలకుండ కనిపిస్తుంది, తోలు కనిపించదు

సిద్దిపేట పేరు చెబితే గొల్లభామ చీర గుర్తొస్తుంది. పాలకుండ ఎత్తుకొని నడిచే ఆడమనిషి బొమ్మను అంచు నిండా నేస్తారు. అందమైన పని, నేతగాళ్ల కష్టం. అదే పశువు చచ్చాక దాన్ని ఊరి బయటకు మోసిన మనిషి బొమ్మ మాత్రం ఏ అంచు మీదా లేదు.

పాలకూ తోలుకూ మధ్య గీత గీయలేమని మాదిగ పెద్దలకు బాగా తెలుసు. పాలిచ్చిన బర్రె ఒకనాడు ఎండిపోతుంది, ముసలిదవుతుంది, చస్తుంది. దాన్ని లాగి, కోసి, తోలు తీసి, తంగేడు చెక్కతో లందలో ఊనేసి, మోట తొండం, చెప్పులు, డప్పు చేసింది ఎవరు? పాలు తాగినవాళ్లు శుద్ధంగా మిగిలారు, తోలు తీసినవాళ్లు అంటరానివాళ్లయ్యారు. పశువు ఒకటే. తంగేడు పువ్వు బతుకమ్మకెక్కింది, రాష్ట్ర పుష్పమైంది. తంగేడు చెక్క కంపు మాత్రం మన వాడకే మిగిలింది.

ఇప్పుడు షాపుల్లో ‘వీగన్ లెదర్’ అంటూ అమ్మేదాంట్లో ఎక్కువ భాగం పాలీయురితేన్ లాంటి ప్లాస్టిక్. దానికి ‘దయ’ అని పేరు. చెట్టు చెక్కతో, చచ్చిన పశువు తోలుతో చేసిన పనికి మాత్రం ఈనాటికీ ‘మైల’ అనే పేరు పోలేదు. వీగన్ ప్రచారకుల్లో కొందరు పశువుల బాధను అంటరానితనంతో, బానిసత్వంతో పోల్చడం మన పెద్దలకు మింగుడుపడకపోవడానికి ఇదే కారణం. మనుషుల్ని పశువుల కంటే హీనంగా చూసిన దేశంలో ఆ పోలిక దయగా వినిపించదు, పాత అవమానంగానే వినిపిస్తుంది.

మానినోళ్లూ మనోళ్లే, తిన్నోళ్లూ మనోళ్లే

అలాగని మాంసం తినడమే దళిత గుర్తు అని తేల్చేస్తే మన చరిత్రలో సగం వదిలేసినట్టు. హైదరాబాద్‌లో ఆది హిందూ ఉద్యమాన్ని నిర్మించిన భాగ్యరెడ్డి వర్మ (1888–1939) మద్యపానానికి, జోగిని ఆచారానికి వ్యతిరేకంగా పోరాడాడు. 1917లో బెజవాడ మహాసభకు అధ్యక్షత వహించి, ‘పంచములు’ అనే పేరు వద్దు, ఆది ఆంధ్రులం అని చాటించాడు. ఆయనే జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలిలోనూ పనిచేశాడు. అంటే జీవహింస వద్దనే ప్రచారం వందేళ్ల కిందటే ఒక తెలుగు దళిత నాయకుడు చేశాడు. 1927 మార్చిలో మహద్ సభలో అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం తినడం మానమని పిలుపునిచ్చాడు. 1948లో ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో ఆయనే గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనం పుట్టుకకూ ఉన్న సంబంధాన్ని చరిత్రలో వెతికాడు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో దళిత, బహుజన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపారు, ఘర్షణలు జరిగాయి. 2015 డిసెంబర్ 10న మళ్లీ జరపబోతే కోర్టు ఉత్తర్వులు, అరెస్టులు ఎదురయ్యాయి.

ఒక తరం మానడంలో గౌరవం వెతికింది, ఇంకో తరం తినడంలో వెతికింది. ఇద్దరూ మేలుకున్నవాళ్లే. కంచంలో ఏముండాలో నిర్ణయించేది మేమే అన్నచోట ఇద్దరూ కలుస్తారు.

ఈనాటి వాడల్లో పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంది. మాల వేసుకునో, భజన మండలిలో చేరో పెద్దకూర మానేసిన పెద్దలున్నారు. పట్నంలో అద్దె ఇల్లు దొరకాలంటే వంటింటి వాసన బయటికి రాకూడదని పిల్లలే తల్లిదండ్రులకు చెబుతున్నారు. దండెం మీద ఒట్టితునకలు ఆరేసుకున్న ఇళ్లలో ఇప్పుడు ‘మేం తినం’ అనే మాట ముందుగా వస్తుంది. అది భక్తితో వచ్చిన మాటా, భయంతో వచ్చిన మాటా అన్నది ఇంటింటికీ తేడాగా ఉంటుంది. దాన్ని ‘సంస్కృతీకరణ’ అని ఒక్క మాటతో కొట్టేసే హక్కు పరిశోధకులకు లేదు.

ముద్ర తిండి మీద నుంచి మనిషి మీదికి

ప్యాకెట్ మీద ఏముందో రాయమనడంలో తప్పు లేదు. పాలు పడనివాళ్లకు, మతం వల్లనో మనసు వల్లనో కొన్ని మానినవాళ్లకు అది తెలియాలి. చదువుకొని వీగన్ అయిన దళిత యువతీయువకులకూ ఆ సమాచారం హక్కే. చిక్కు మొదలయ్యేది ముద్ర ప్యాకెట్ దాటినప్పుడు.

2023 జూలైలో ఐఐటీ బొంబాయి హాస్టల్ క్యాంటీన్లో ‘శాకాహారులు మాత్రమే’ కూర్చోవాలనే పోస్టర్లు వెలిశాయి. ఆ తర్వాత మెస్‌లో వేరుచేసిన శాకాహార బల్లల దగ్గర నిరసన తెలిపిన విద్యార్థికి పది వేల రూపాయల జరిమానా వేశారు. 2024 మార్చిలో జొమాటో ‘ప్యూర్ వెజ్’ ఆర్డర్ల కోసం ప్రత్యేకంగా పచ్చ యూనిఫాం మనుషులను ప్రకటించింది. విమర్శలు రాగానే రంగు తేడా వెనక్కి తీసుకుంది. ఇంకోవైపు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2023 నవంబర్‌లో హలాల్ ముద్ర ఉన్న సరుకుల అమ్మకాన్ని నిషేధించింది. ఒక వర్గం ముద్ర చట్టం, ఇంకో వర్గం ముద్ర నేరం.

2024 జూలైలో కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్ల యజమానులు తమ పేర్లు బోర్డు మీద రాయాలని ఆ రాష్ట్ర పోలీసులు ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేస్తూ, ఏ రకం తిండి పెడుతున్నారో రాయమనవచ్చు గానీ పేర్లు రాయమని బలవంతం చేయకూడదని చెప్పింది. మన పెద్దలు తమ అనుభవంతో గీసే గీత కూడా సరిగ్గా అదే. వంటేమిటో అడుగు, వండిందెవరో అడగకు. రెండు గ్లాసుల హోటళ్లలో చాయ్ తాగిన తరానికి ఈ తేడా ఎవరూ వివరించనక్కర్లేదు.

మన ముందున్న పని

ముద్రల గొడవ చివరికి చేరేది పేద పిల్లల కంచం దగ్గరికే. 2021 డిసెంబర్‌లో కర్ణాటక కొన్ని వెనుకబడిన జిల్లాల బడుల్లో గుడ్డు పెట్టడం మొదలుపెట్టగానే మఠాధిపతులు అభ్యంతరం చెప్పారు. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఈ గుడ్డుకు రేపు ‘మనోభావాలు’ అడ్డం రాకుండా చూసుకోవడం మన సంఘాల బాధ్యత. మన అంగన్‌వాడీకి గుడ్లు సమయానికి వస్తున్నాయా, లెక్క ప్రకారం ఇస్తున్నారా అని నెలకోసారి వెళ్లి అడిగితే చాలు, సగం కాపలా అయినట్టే.

రెండోది, పెద్దల తిండి జ్ఞానాన్ని పొగడ్తతో చంపకుండా ఉండాలి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక జొన్న గట్క, తైద అంబలి పట్నం హోటళ్లలో ఖరీదైన ‘వీగన్’ వంటకాలయ్యాయి. ఆ గట్క రోజూ గతిలేక తిన్నవాళ్లకు 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం తెల్లన్నం మాత్రమే కాదు, పండుగనాటి అన్నం రోజూ దొరకడం. వాళ్లను మళ్లీ జొన్నలు తినమని చెప్పే ముందు, ఆ జొన్నలు పండే చెలక ఎవరి పేరున ఉందో అడగాలి. జహీరాబాద్ ప్రాంతంలో డీడీఎస్ సంఘాల దళిత మహిళలు చిరుధాన్యాలను నిలబెట్టగలిగారంటే కారణం విత్తనమూ భూమీ వాళ్ల చేతిలోకి రావడమే.

మూడోది విద్యార్థులకు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి అడగండి: చిన్నప్పుడు ఏం తిన్నరు, ఎవరు పెట్టిన్రు, ఎక్కడ కూసొని తిన్నరు, ఏది ఎప్పుడు మానిన్రు, ఎందుకు మానిన్రు. దిద్దకుండా రాసుకోండి. వీగన్ ముద్ర మీదా, పచ్చ చుక్క మీదా మనం ప్రభుత్వానికి ఇవ్వాల్సిన వినతిపత్రానికి కావాల్సిన సాక్ష్యం అంతా అందులో ఉంది, అది చెప్పగలిగిన తరం ఇంకా మన అరుగుల మీదే ఉంది.