కోవర్కింగ్ స్పేస్‌లో సీఆర్ఎం: సీటు అమ్మేదాకానా, ఆ తర్వాత కూడానా?

ఏ కోవర్కింగ్ స్పేస్ రివ్యూ చూసినా నాలుగే విషయాలు ఉంటాయి: వైఫై స్పీడ్, కుర్చీలు, కాఫీ మెషీన్, పార్కింగ్. రిసెప్షన్ కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ గురించి ఎవరూ ఒక్క లైన్ కూడా రాయరు. కానీ మీరు అక్కడ రెండేళ్లు హాయిగా ఉంటారా, ఆరు నెలలకే ల్యాప్‌టాప్ సర్దుకుని బయటపడతారా అనేది కాఫీ కంటే ఆ సాఫ్ట్‌వేర్ మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా అభిప్రాయం. దాని పేరే సీఆర్ఎం, అంటే కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్.

పేరులో రిలేషన్‌షిప్ ఉంది. చాలా చోట్ల ఆ రిలేషన్ అగ్రిమెంట్ మీద సంతకం పడగానే అయిపోతుంది. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఎక్కడైనా ఒకసారి ఎంక్వైరీ చేసి చూడండి. కాసేపట్లో కాల్ వస్తుంది, సాయంత్రానికి వాట్సాప్‌లో బ్రోచర్ వస్తుంది, మర్నాడు "విజిట్‌కి ఎప్పుడొస్తారు సార్?" అని ఇంకో మెసేజ్. చేరిన తర్వాత ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయని చెప్పాలంటే మాత్రం అదే మాట ముగ్గురికి మూడుసార్లు చెప్పాలి. మొదటి సగానికి సాఫ్ట్‌వేర్ ఉంది, రెండో సగానికి లేదు.

నేను చెప్పేది ఒకటే. కోవర్కింగ్‌లో సీఆర్ఎంని ఆ బిల్డింగ్ జ్ఞాపకశక్తిలా వాడాలి. సీట్లు అమ్మడానికి మాత్రమే వాడితే దాని సబ్‌స్క్రిప్షన్ డబ్బులు దండగ.

ఇక్కడ సేల్ ప్రతి నెలా జరుగుతుంది

ఫోన్ అమ్మే షాపుకి బిల్లు కొట్టగానే ఒక పని అయిపోతుంది. కోవర్కింగ్‌లో అలా కాదు. లాక్‌ఇన్ పీరియడ్ దాటాక, ఒక నెల నోటీసు ఇస్తే టీమ్ మొత్తం లేచి వెళ్లిపోవచ్చు. అంటే ప్రతి నెలా మళ్లీ అమ్మాల్సిందే.

ఒక లెక్క వేసుకుందాం. 80 సీట్ల స్పేస్, సీటుకి నెలకి 7,000 రూపాయలు అనుకోండి. అన్నీ నిండితే 5.6 లక్షలు, దాని పైన 18 శాతం జీఎస్టీ. ఎనిమిది మంది ఉన్న ఒక్క టీమ్ వెళ్లిపోతే నెలకి 56,000 పోయినట్టే, అంటే ఆదాయంలో పదో వంతు. బిల్డింగ్ అద్దె పదో వంతు తగ్గదు, లిఫ్ట్ కరెంటు తగ్గదు, సెక్యూరిటీ జీతం తగ్గదు. అయినా ఆ టీమ్ కార్డు సీఆర్ఎంలో ఏడాది క్రితమే 'క్లోజ్డ్ వన్' అని పచ్చరంగులో మెరుస్తూ ఉంటుంది. డీల్ గెలిచాం, ఇక చూడక్కర్లేదు అన్నట్టు.

నిజానికి ఏ టీమూ చెప్పాపెట్టకుండా వెళ్లదు. ముందు మీటింగ్ రూమ్ బుకింగ్‌లు తగ్గుతాయి. రోజుకి ఎనిమిది యాక్సెస్ కార్డులు ట్యాప్ అయ్యే చోట మూడే అవుతాయి. ఇన్‌వాయిస్ కట్టడం ఆలస్యమవుతుంది. ఇంటర్నెట్ కంప్లైంట్ ఒకటి నెల నుంచి పెండింగ్‌లో ఉంటుంది. ఇవన్నీ రికార్డ్ అవుతూనే ఉంటాయి కూడా. కాకపోతే కార్డు డేటా డోర్ మెషీన్‌లో, బుకింగ్‌లు గూగుల్ క్యాలెండర్‌లో, బిల్లులు ట్యాలీలో, కంప్లైంట్లు వాట్సాప్ గ్రూప్‌లో. నాలుగూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఎవరూ లేరు. సీఆర్ఎం చేయాల్సిన అసలు పని ఇది.

2005లో బ్రాడ్ న్యూబర్గ్ శాన్ ఫ్రాన్సిస్కోలో కోవర్కింగ్ మొదలుపెట్టినప్పుడు ఇవేవీ అక్కర్లేదు. ఒంటరిగా పని చేసుకునే కొద్దిమంది కలిసి కూర్చునే చోటు అది, అందరికీ అందరూ తెలుసు. ఇప్పుడు ఒక్కో ఫ్లోర్‌లో వందల సీట్లు. ఏ మనిషికైనా అందరి పేర్లు, అందరి సమస్యలు గుర్తుండటం కష్టం. అందుకే సాఫ్ట్‌వేర్.

మేనేజర్ ఫోనే సీఆర్ఎం అయితే

మన దగ్గర చాలా స్పేస్‌లలో అసలైన సీఆర్ఎం కమ్యూనిటీ మేనేజర్ పర్సనల్ ఫోన్. ఎవరికి ఎంత డిస్కౌంట్ ఇచ్చాం, ఎవరు కిటికీ పక్క సీటు అడిగారు, ఎవరి డిపాజిట్ బాకీ, అన్నీ ఆ చాట్స్‌లోనే. ఆ మనిషి ఉన్నంతకాలం బాగానే నడుస్తుంది. ఉద్యోగం మారిన రోజు బిల్డింగ్‌కి మతిమరుపు వస్తుంది.

ఇది నాకు అనుభవమే. నేను పని చేసిన ఒక స్పేస్‌లో మా టీమ్‌ని పెద్ద క్యాబిన్ నుంచి స్తంభం అడ్డమున్న చిన్న క్యాబిన్‌కి మార్చారు. బదులుగా నెలకి నాలుగు గంటలు మీటింగ్ రూమ్ ఫ్రీ అన్నారు. నోటి మాటే. మూడు నెలల తర్వాత మేనేజర్ మారారు. కొత్తాయన చాలా మర్యాదగా "సిస్టమ్‌లో అలా ఏం లేదండీ" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. సిస్టమ్‌లో నిజంగానే లేదు. నాలుగు గంటల మీటింగ్ రూమ్ పెద్ద డబ్బేమీ కాదు, కానీ ఆ రోజు నుంచి వాళ్లు ఏది చెప్పినా మెయిల్‌లో రాసివ్వమని అడగడం మొదలుపెట్టాం. నమ్మకం పోవడమంటే అదే.

వాట్సాప్ బిజినెస్ యాప్ వాడితే చాలు కదా అంటారు. లేబుల్స్ ఉన్నాయి, క్యాటలాగ్ ఉంది, నిజమే. కానీ బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌కి 256 మంది పరిమితి, అది కూడా మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. ఏ కంప్లైంట్ ఎవరి దగ్గర ఆగిందో అది చెప్పదు. అది మాట్లాడుకోవడానికి మంచి యాప్, రికార్డ్ పెట్టుకోవడానికి కాదు.

జీఎస్టీ ఆఫీసర్ తలుపు తట్టిన రోజు

మతిమరుపుకి అసలు రేటు ఎంతో తెలియాలంటే వర్చువల్ ఆఫీస్ కస్టమర్లని చూడాలి. వీళ్లు సీటు వాడరు, అడ్రస్ వాడతారు. ఇంట్లోంచి పని చేసే చిన్న స్టార్టప్, వేరే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ కావాల్సిన ఆన్‌లైన్ సెల్లర్ లాంటివాళ్లు అగ్రిమెంట్, ఎన్‌ఓసీ, కరెంటు బిల్లు తీసుకుని ఆ అడ్రస్ మీద జీఎస్టీ నంబర్ తెచ్చుకుంటారు.

ఆ అడ్రస్‌కి ఆఫీసర్ స్వయంగా వచ్చి చూసే అధికారం జీఎస్టీ రూల్స్‌లో ఉంది. వచ్చి రిసెప్షన్‌లో కంపెనీ పేరు చెప్పి అడుగుతారు. అక్కడ పోయిన వారమే చేరిన కుర్రాడు ఉంటాడు. రోజూ కనిపించే టీమ్‌ల పేర్లే అతనికి పూర్తిగా రావు, ఎప్పుడూ రాని కంపెనీ పేరు ఎలా తెలుస్తుంది? "ఆ కంపెనీ ఇక్కడ లేదు సార్" అంటాడు. ఆ ఒక్క వాక్యంతో రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు రావచ్చు, జవాబివ్వడానికి ఏడు పనిదినాలే టైమ్. ఈలోగా రిజిస్ట్రేషన్ సస్పెండ్ అయితే బిల్లులు ఇవ్వడమే ఆగిపోతుంది.

రిసెప్షన్ స్క్రీన్ మీద పేరు టైప్ చేయగానే ఫలానా కంపెనీ, ఫలానా ప్లాన్, అగ్రిమెంట్ ఇదిగో, ఫోన్ చేయాల్సిన మనిషి ఫలానా అని వచ్చి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయే పని ఇది. కానీ చాలా చోట్ల సీఆర్ఎం లాగిన్ సేల్స్ టీమ్‌కే ఇస్తారు. సీటుకి ఇంత అని యూజర్ లైసెన్స్ కట్టాలి కాబట్టి రిసెప్షన్ దగ్గర ఆదా చేస్తారు. సీట్లు అమ్మే కంపెనీ ఒక్క సాఫ్ట్‌వేర్ సీటు కొనడానికి వెనకాడటం నాకైతే వింతగా అనిపిస్తుంది.

ఏ టూల్ వాడాలి?

రెండు దారులున్నాయి. మొదటిది జోహో, హబ్‌స్పాట్, ఫ్రెష్‌వర్క్స్, సేల్స్‌ఫోర్స్ లాంటి జనరల్ సీఆర్ఎంలు. లీడ్స్, ఫాలోఅప్స్, రిపోర్టులు వీటిలో బాగుంటాయి. జోహోలో ముగ్గురు యూజర్ల దాకా ఫ్రీ, హబ్‌స్పాట్‌కీ ఫ్రీ ప్లాన్ ఉంది. కానీ వీటికి 'సీటు' అంటే ఏమిటో తెలియదు. క్యాబిన్ నంబర్, మీటింగ్ క్రెడిట్స్, లాక్‌ఇన్ తేదీ అన్నీ మనమే కస్టమ్ ఫీల్డ్స్‌గా కట్టుకోవాలి.

రెండోది ఆఫీస్‌ఆర్‌అండ్‌డీ, నెక్సుడస్, కోబాట్ లాంటి కోవర్కింగ్ కోసమే చేసినవి. బుకింగ్, బిల్లింగ్, డోర్ యాక్సెస్, మెంబర్ యాప్ ఒకే చోట ఉంటాయి. అయితే ఇవి విదేశాల్లో పుట్టినవి, మన జీఎస్టీ ఇన్‌వాయిస్, యూపీఐ పద్ధతికి ఎంత బాగా కుదురుతాయో డెమోలో మీ సొంత బిల్లు ఒకటి వేయించి చూశాకే కొనాలి.

30 సీట్ల స్పేస్‌కి, ఓనరే రోజూ అక్కడ కూర్చునే చోట, గూగుల్ షీట్ చాలదా? చాలు. నిజాయితీగా చెప్తున్నా, అక్కడ సీఆర్ఎం కొనమని నేను చెప్పను. రెండో బ్రాంచ్ తెరిచిన రోజు, లేదా వర్చువల్ ఆఫీస్ అమ్మడం మొదలుపెట్టిన రోజు మాత్రం షీట్ సరిపోదు. ఎందుకంటే ఆ రోజు నుంచి కస్టమర్‌ని ముఖం చూసి గుర్తుపట్టే మనిషి అక్కడ ఉండడు.

ఇంకో మాట, ఫోన్ల సైట్‌లో రాస్తున్నా కాబట్టి. ఉద్యోగి సొంత ఆండ్రాయిడ్ ఫోన్‌లో సీఆర్ఎం యాప్ వేయిస్తే, అది వర్క్ ప్రొఫైల్‌లో వేయించండి. ఆండ్రాయిడ్ 5.0 నుంచీ ఉన్న ఫీచర్ ఇది. మనిషి మానేసినప్పుడు ఆ ప్రొఫైల్ ఒక్కటే తుడిచేయొచ్చు, పెళ్లి ఫోటోల జోలికి పోనక్కర్లేదు. మెంబర్ల నంబర్లు కూడా ఆ మనిషితో పాటు పక్క స్పేస్‌కి వెళ్లిపోవు.

గుర్తుపెట్టుకోవడానికీ హద్దు ఉండాలి

పైన కార్డు ట్యాప్‌లు చూడాలని నేనే అన్నాను. అందులో ప్రమాదమూ ఉంది. ఎనిమిది మందిలో ముగ్గురే వస్తున్నారని టీమ్ లెవెల్‌లో తెలిస్తే చాలు, వెళ్లి ఏమైనా ఇబ్బందా అని అడగొచ్చు. వాళ్లలో ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అనేది రిపోర్ట్‌గా తీసి వాళ్ల ఫౌండర్ చేతిలో పెడితే అది నిఘా. సాఫ్ట్‌వేర్ రెండూ చేయగలదు. ఎక్కడ ఆగాలో మనుషులే నిర్ణయించాలి.

అలాగే ఒక్క రోజు డే పాస్‌కి ఆధార్ ఫోటో వాట్సాప్ చేయమనడం, ఆ ఫోటో ఏళ్ల తరబడి ఎవరి గ్యాలరీలోనో ఉండిపోవడం మామూలైపోయింది. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టానికి 2025 నవంబర్‌లో రూల్స్ నోటిఫై చేశారు, ప్రధాన బాధ్యతలు అమలయ్యేందుకు 18 నెలల గడువు ఇచ్చారు. చట్టం ప్రకారం సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. అవసరం తీరాక, వేరే చట్టం ఉంచమంటే తప్ప, డేటా తీసేయాలి. సరైన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. పాత ఎంక్వైరీలని 'ఎప్పటికైనా పనికొస్తాయి' అని దాచుకునే అలవాటు ఇక ఖరీదైనదే.

చేరే ముందు ఇవి అడగండి

సీటు చూడ్డానికి వెళ్లినప్పుడు వైఫై స్పీడ్ టెస్ట్ ఎలాగూ చేస్తారు. దాంతో పాటు నాలుగు ప్రశ్నలు వేయండి. కంప్లైంట్ ఇస్తే టికెట్ నంబర్ వస్తుందా? నాకిచ్చిన డిస్కౌంట్లు, మాటలు మెంబర్ యాప్‌లోనో మెయిల్‌లోనో కనిపిస్తాయా? మా కంపెనీ పేరు రిసెప్షన్‌లో ఇప్పుడే వెతికి చూపించే ఏర్పాటు ఉందా? ఖాళీ చేశాక నా ఐడీ కాపీలు ఎప్పుడు తీసేస్తారు?

ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే చోట కాఫీ కొంచెం నీళ్లగా ఉన్నా చేరిపోండి. చెప్పలేని చోట ఇటాలియన్ కాఫీ మెషీన్ ఉన్నా, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు వాళ్లు చెప్పిన ప్రతి మాటా రాయించుకోండి. అక్కడ మీ తరఫున గుర్తుపెట్టుకునేవాళ్లు మీరొక్కరే.