ఆడపిల్ల చేతి కెమెరా

ఈ మాసమున మాకు వచ్చిన యుత్తరములలో రేపల్లె నుండి యొక సోదరి వ్రాసినది మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఆమె కుమార్తె ప్రతిదినము రైలులో తెనాలికి పోయి కళాశాలలో చదువుకొనుచున్నది. ఆ బాలిక చదువు ముగిసిన పిమ్మట డాక్యుమెంటరీ చిత్రములు తీయుట నేర్చుకొందునని పట్టుబట్టినదట. “సినిమా యనగానే మావారు మండిపడుచున్నారు. ఇది ఆడపిల్లకు తగిన విద్యయేనా? దీనివలన ఇంటికి గాని, లోకమునకు గాని ప్రయోజన మేమి?” అని యామె ప్రశ్న. ఇట్టి సందేహము పెక్కు ఇండ్లలో నుండును గనుక, బదులును ఇచ్చటనే వ్రాయుచున్నాము.

మొదట నొక మాట. డాక్యుమెంటరీ యనగా వేషములు వేసి పాటలు పాడెడి చిత్రము కాదు. ఉన్న మనుష్యులను ఉన్నట్లు చూపి, వారి మాటను వారి నోటనే వినిపించునది.

మన సీమకు కళ క్రొత్తది కాదు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభ నాటకములలో సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా నటించి 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. ఆయన ప్రజ్ఞకు మేమును నమస్కరింతుము. కాని యొక సంగతి మరువరాదు. గృహస్థుల ఇండ్ల స్త్రీలు రంగ మెక్కుట తప్పని తలచిన ఆ దినములలో, స్త్రీ నడకను, అలుకను, దుఃఖమును పురుషుడే వ్రాసెను, పురుషుడే నటించెను. చూచి మెచ్చుకొనుట మాత్రమే మన వంతైనది.

ఆ వంతు మార్చినవారిలో హైదరాబాదున జన్మించిన దీపా ధన్‌రాజ్‌గారు ముఖ్యులు. వారు 1980లో తోడివారితో గలసి ‘యుగాంతర్’ అను చిత్రసంఘమును నెలకొల్పిరి. పూనాలో ఇండ్లలో పాచిపని చేసెడి స్త్రీలు సంఘముగా నేర్పడిన తీరును 1981లోను, నిపాణి పొగాకు కర్మాగారములలోని స్త్రీల పోరాటమును 1982లోను చిత్రములుగా తీసిరి. చీరాల, గుంటూరు ప్రాంతములలో పొగాకు కొట్లలో పని చేసెడి స్త్రీల నెరిగిన మనకు నిపాణి దూరపు టూరుగా తోచదు.

తెలుగువారికి మిక్కిలి దగ్గరైనది 1983 నాటి ‘ఇది కథ మాత్రమేనా?’ అను చిన్న చిత్రము. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యురాండ్రతో గలసి దీనిని తీసిరి. ఇది డాక్యుమెంటరీ కాదు, కథయే. అయినను కాపురమున దెబ్బలు తిని, ఒంటరియై క్రుంగిపోయిన యొక యువతి కథను స్త్రీలు తమ అనుభవములను చెప్పుకొని, చర్చించి కూర్చిరి. ‘ఇంటిగుట్టు’ అని మనము మూసియుంచిన తలుపు నది తట్టినది. యుగాంతర్ వారు తమ చిత్రములను స్త్రీల నడుమ ప్రదర్శించి, పిమ్మట చర్చలు జరుపుచుండిరి. చిత్రము ముగిసినచోట మాట మొదలగుట, అదియే ఈ కళకు ఫలము.

దీపాగారు కుటుంబనియంత్రణ పేరిట స్త్రీల దేహములపై జరిగిన బలవంతమును 1991లో చూపిరి. తమిళనాట ముస్లిము స్త్రీలు తామే జమాతు నేర్పరచుకొని తగవులు తీర్చుటను 2011లో చూపిరి. ఇంటిలో మొట్టమొదట బడిమెట్టెక్కిన పిల్లల చదువును గూర్చియు శ్రద్ధ వహించి పనిచేసిరి. చిత్రకళయు విద్యయు వేరు కావని దీనివలన తెలియుచున్నది. ఎదుటివారి మాటను ఓపికతో వినుట రెంటికిని మొదటి పాఠము.

ఈ పాఠమును మన బడులలోనే యేల నేర్పరాదు? నిజాంపట్నము రేవులో చేపలమ్మెడి స్త్రీల ప్రొద్దు ఎప్పుడు మొదలగునో బాపట్ల బాలికలు చిత్రించి చూపవచ్చును. 1977 నవంబరు ఉప్పెనను కన్నులార చూచిన అవ్వలు మన తీరగ్రామములలో నింకను గలరు. వారిని అడిగి వ్రాసికొనువారు లేకున్న, ఆ జ్ఞాపకము వారితోనే పోవును.

సోదరీ, సత్యమును దాచము. ఈ వృత్తిలో ధనము తక్కువ, తిరుగుడు ఎక్కువ. నెలజీతమువలె రాబడి నిలుకడగా నుండదు. కావున మీ అమ్మాయిని డిగ్రీ పూర్తిచేయనిండు. పిమ్మట పూనాలోని చిత్రవిద్యాలయము వంటి చోట్ల ప్రవేశమునకు ప్రయత్నింపనిండు. కాని అంతకు ముందే యొక పరీక్ష పెట్టుడు. రాబోవు సెలవులలో, చేతనున్న ఫోనుతోనే, పది నిమిషముల చిత్రమును తీయుమనుడు. తీయబడువారి అనుమతి ముందుగా పొందవలెను. తీసినదానిని మొదట వారికే చూపవలెను. ఈ రెండు నియమములను తప్పనీయకుడు.

ఎవరిని గూర్చి తీయవలెనని యామె యడిగినచో, మిమ్మే తీయుమనుడు. తెల్లవారుజామున లేచి, కూతురు రైలందుకొను వేళకు కారియరు కట్టి యిచ్చు తల్లి దినచర్యను ఇంతవరకు ఎవరు చూచిరి? ఆ చిత్రమును మీవారిని కూర్చుండబెట్టి చూపుడు. పిమ్మట వారేమనిరో మాకు తప్పక వ్రాయుడు.