ప్రభువు ఉపమానములా, వర్తకుల పాఠములా?



ఈ మధ్య మన యువజన కూటములలో ఒక క్రొత్త బోధ వినబడుచున్నది. ప్రసంగీకుడు మత్తయి 25వ అధ్యాయము తెరచి, అయిదు తలాంతులవాడు కష్టపడి పైకి వచ్చినవాడనియు, ఒక్క తలాంతువాడు వెనుకబడిన సోమరియనియు చెప్పి, నీలోని నేర్పును పెంచుకొంటే ఉద్యోగములో నీ జీతము పెరుగునని ముగించును. వినుటకు ఇంపుగానే యున్నది. అది సువార్త కాదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

చిన్న కథతో లోకజ్ఞానము నేర్పుట తప్పని నేననను. పంచతంత్రము ఆ పని కొరకే పుట్టినది. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా అందులో కొంత మనకిచ్చెను. అమెరికాలో 1926 మొదలు జార్జి క్లేసన్ బబులోను కథలతో పొదుపు నేర్పెను. అదియు దాపరికము లేని డబ్బు పాఠమే. అంతకు ఒక యేడు ముందు, 1925లో, బ్రూస్ బార్టన్ అను ప్రకటనల వ్యాపారి మన ప్రభువునే గొప్ప వ్యాపారదక్షునిగా చిత్రించి పుస్తకము వ్రాసెను. నేటి ప్రసంగీకులు ఆయన పేరు విని యుండకపోవచ్చును గాని, ఆయన శిష్యులే.

వాక్యమునే చూతము. తలాంతు అనగా నేర్పు కాదు, సొమ్ము. దేనారము కూలివాని దినవేతనము. తలాంతు సుమారు 6000 దేనారములు. అనగా ఒక్క తలాంతు దాదాపు 20 ఏండ్ల కూలి! ఇంగ్లీషులో టాలెంటు అను మాటకు నేర్పు అను అర్థము ఈ ఉపమానపు వ్యాఖ్యానములనుండియే పిమ్మట వచ్చినది. మనము దానిని అరువు తెచ్చుకొని 'పాటల తలాంతు' అనుచున్నాము. అయితే 15వ వచనములో యజమానుడు ఎవని సామర్థ్యమునుబట్టి వానికి తలాంతులిచ్చెను. సామర్థ్యము ముందే యున్నది, తలాంతు తరువాత వచ్చినది, రెండును ఒకటెట్లగును? లాభమైనను దాసులు యజమానుని యెదుటనే పెట్టిరి. వెంటనే అదే అధ్యాయములో ఆకలిగొన్నవారి లెక్క, చెరసాలలోనివారి లెక్క అడుగబడుచున్నది. ఆ లెక్క వద్దకు రాకమునుపే మన ప్రసంగీకుడు గ్రంథము మూసివేయును.

ఇది పండితుల తగవే అయితే నేను కలము పట్టకపోదును. నేనును ఆ ప్రసంగము చేసినవాడనే. సెమినరీ విడిచిన తొలి దినములలో, వరినాట్ల కాలమందు, ఆరాధన ముగిసిన పిమ్మట ఒక ముసలి తల్లి గుడి అరుగు మీద కూర్చుండి అడిగెను: "అయ్యగారూ, నలభై ఏండ్లు నాట్లేసినాను. సెంటు భూమి లేదు. అయితే ఆ సోమరివాణ్ణి నేనేనా? ప్రభువు నన్నుగూడా చీకట్లోకి తోసేస్తాడా?"

నాకు నోట మాట రాలేదు. ఆమె నడుము వంచి నాటిన మళ్లు ఊరికంతటికి అన్నము పెట్టినవి. ఆమె పేదరికమునకు ఆమె సోమరితనము కారణమా? పట్నములో పని పోయి ఇల్లు చేరిన యౌవనుడును మన బల్లల మీదనే కూర్చుండును. లోపము నీదేనని తప్ప ఈ బోధ వానితో ఏమి చెప్పగలదు?

పనిని శ్రద్ధగా నేర్చుకొనుడని, వేళకు వెళ్లుడని యౌవనులకు తిన్నగా చెప్పవచ్చును. దానికి ఉపమానమును కోసి కుట్టనక్కరలేదు. ఈ ప్రసంగీకులు పెద్ద కొట్లు కట్టదలచిన ధనవంతుని, లూకా 12వ అధ్యాయములోనివానిని, ఎందుకు ముట్టరు? లోకరీతిగా వర్ధిల్లినవాడు వాడే గదా. దేవుడు వానిని వెఱ్ఱివాడనెను. మత్తయి 20వ అధ్యాయమును అసలే తెరువరు. తెల్లవారగనే వచ్చినవానికిని, సాయంకాలము అయిదు గంటలకు వచ్చినవానికిని ఒకే దేనారము! ఏ కంపెనీలో ఈ పాఠము చెప్పుదురు? తమను ఎవరును కూలికి పెట్టుకొనలేదని కడవరివారు చెప్పగా, యజమానుడు ఆ మాట కాదనలేదు. వారిని తోటకు పంపెను.

మరుసటి ఆదివారము నేను ఆ అధ్యాయమే చదివితిని. ఆ తల్లి ముందు వరుసలో చాప మీద కూర్చుండెను. అయిదు గంటలవారి కూలి దగ్గరకు రాగానే తల యెత్తి, ప్రసంగము మధ్యనే, "మొత్తం ఇచ్చేశాడా, అయ్యగారూ?" అని అడిగెను.