పెద్ద ఫైళ్ళు, చిన్న ఉద్యోగులు

క్లయింటుకి పెద్ద ఫైళ్ళు పంపడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని మా ఆఫీసులో ఈమధ్య ఒక మీటింగు పెట్టారు. గంటన్నర జరిగింది. ఒక ఎక్సెల్ షీటు, అందులో ఆరు ప్రోడక్టులు, ఇరవై రెండు కాలమ్‌లు. ఎన్‌క్రిప్షన్ ఉందా, ఆడిట్ లాగ్ ఉందా, యూజరుకి నెలకెంత, సర్టిఫికెట్లు ఎన్ని.. అన్నీ రాశారు పాపం. ఆ గదిలో ఉన్న తొమ్మిది మందిలో గత ఏడాదిలో క్లయింటుకి ఒక్క పెద్ద ఫైలైనా తన చేత్తో పంపినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకణ్ణి నేను. రెండోవాడు నా పక్కన కూర్చుని ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్కుంటున్నాడు.

ఎంచుకునేవాళ్ళు ఒకరు, వాడేవాళ్ళు ఇంకొకరు. ఏదైనా తేడా వస్తే బలయ్యేది మాత్రం వాడేవాడే. ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. ఒక పాత సంగతి చెప్తాను.

నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళయిన రోజులవి, ఇప్పుడున్న కంపెనీ కాదు. డేటా మైగ్రేషన్ ప్రాజెక్టు. అమెరికా క్లయింటు పాత డేటాబేస్‌లోంచి డేటా తీసి, శుభ్రం చేసి, కొత్త సిస్టంలోకి ఎక్కేలా ఫైళ్ళు తయారుచేసి పంపాలి. కంప్రెస్ చేశాక 38 జీబీ. వాళ్ళ శుక్రవారం సాయంత్రం ఆరింటికి కటోవర్, అంటే మనకి శనివారం తెల్లవారుజామున నాలుగున్నర. కంపెనీ వాళ్ళు కొనిపెట్టిన ఖరీదైన పోర్టల్ ఒకటుంది, దాంట్లోనే పంపాలని రూలు. రాత్రి ఎనిమిదిన్నరకి మొదలెట్టాం. పదీ నలభై ఐదుకి 91 శాతం దగ్గర "సెషన్ ఎక్స్‌పైర్డ్" అంది. ఆగిన చోటునుంచి మళ్ళీ మొదలెట్టే సదుపాయం లేదు. మళ్ళీ సున్నా నుంచి. రెండోసారి పన్నెండున్నరకి పోయింది. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే టికెట్ పెట్టండి, సోమవారం చూస్తాం అన్నారు.

అప్పుడు మా సీనియర్ తల పట్టుకుని కూర్చున్నాడు. "అన్నా, నీ సొంత డ్రైవ్‌లో పెట్టి లింకు పంపెయ్, పొద్దున్నే తీసేద్దువుగాని" అన్నాను. అవును, అన్నది నేనే. ఆఫీసు లాప్‌టాప్‌లో అలాంటివన్నీ బ్లాక్, కానీ టెస్ట్ సర్వర్లో బ్లాక్ చెయ్యడం ఎవరో మర్చిపోయారు. మూడింటికల్లా ఫైలు ఎక్కేసింది. అవతలి వాళ్ళకి ఆ సర్వీసులో అకౌంట్లు లేవు కాబట్టి "లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చు" అని పెట్టి మెయిల్ కొట్టాడు. ఆ మెయిల్లో పద్నాలుగు మంది ఉన్నారు. ఫైలుకి పాస్‌వర్డ్ లేదు. లోపల వాళ్ళ కస్టమర్ల పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు.

కటోవర్ బ్రహ్మాండంగా జరిగింది. అందరికీ మెచ్చుకోలు మెయిళ్ళు వచ్చాయి. ఆ లింకు తీసెయ్యడం ఇద్దరమూ మర్చిపోయాం. పన్నెండు రోజుల తర్వాత క్లయింటు సెక్యూరిటీ టీం వాళ్ళు పట్టుకున్నారు. బయటివాళ్ళెవరూ దించుకున్న ఆధారం దొరకలేదు గానీ, విచారణ మాత్రం గట్టిగానే జరిగింది. "ఇది ఎవరి ఆలోచన?" అని అడిగితే ఆయన "నాదే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నోరు మెదపలేదు. ఆయన్ని ప్రాజెక్టులోంచి తీసేశారు, మూడు నెలలు బెంచ్ మీద ఉండి వేరే ఊరు వెళ్ళిపోయాడు. పోర్టల్‌కి మాత్రం ఏమీ కాలేదు. మరుసటి ఏడాది కాంట్రాక్టు రెన్యువల్ కూడా అయింది.

మేము చేసింది తప్పే, దాన్ని వెనకేసుకురావట్లేదు. కానీ ఆ రాత్రి సరైన దారి మూసుకుపోయి, తప్పు దారి ఒక్క క్లిక్ దూరంలో ఉంది. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న "ఎంత గట్టి తాళం ఉంది?" కాదు, "అర్ధరాత్రి ఇది మధ్యలో ఆగిపోతే పంపేవాడు ఏం చేస్తాడు?" అని నేననేది అందుకే.

అసలు ఎందుకు ఆగుతుందో, ఎందుకంత నెమ్మదో కూడా చాలామంది మేనేజర్లకి పట్టదు. "మనది 500 ఎంబీపీఎస్ లైను కదయ్యా" అంటారు. లైను వెడల్పు ఒక్కటే చాలదు, దూరం కూడా లెక్కలోకొస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికాకి పింగ్ కొడితే వెళ్ళి రావడానికి పావు సెకను అటూ ఇటూ పడుతుంది. టీసీపీలో పంపేవాడు కొంత డేటా పంపి, "అందింది" అని కబురు వచ్చేదాకా ఆగుతాడు. ఆ "కొంత" 64 కేబీ అనుకోండి, సెకనుకి నాలుగు విడతలే కాబట్టి 256 కేబీ, అంటే రెండు ఎంబీపీఎస్ మాత్రమే. మీ లైను ఎంతదైనా సరే అంతే! టీసీపీకి 1992లోనే విండో స్కేలింగ్ వచ్చి ఈ హద్దు పోయింది గానీ, పైన నడిచే సాఫ్ట్‌వేర్లు తమ సొంత హద్దులు పెట్టుకుంటాయి. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ క్లయింటు 32 కేబీ ముక్కలు ఒకేసారి 64 మాత్రమే దారిలో ఉంచుతుంది. మొత్తం 2 ఎంబీ. అదే పావు సెకనుతో లెక్కేస్తే 65 ఎంబీపీఎస్ చుట్టుపక్కల ఆగిపోతుంది. ఇక 500 లైనుకి డబ్బులు కట్టి ఏం లాభం?

అందుకే ఫైలుని ముక్కలు చేసి నాలుగైదు కనెక్షన్లలో పక్కపక్కనే పంపేవి, పోయిన ముక్క ఒక్కటే మళ్ళీ పంపేవి దూరపు క్లయింట్లకి బాగా పనికొస్తాయి. క్లౌడ్ స్టోరేజీల్లో మల్టీపార్ట్ అప్‌లోడ్ అనేది ఇదే. ఆస్పెరా లాంటివి టీసీపీని పక్కనపెట్టి యూడీపీ మీద సొంత పద్ధతిలో పంపుతాయి. సినిమా, టీవీ వాళ్ళు వందల జీబీలు పంపేది వాటితోనే. మనలాంటి వాళ్ళకి రోజూ అంత అవసరం ఉండదు, ధర కూడా ఎక్కువే.

పేర్ల గందరగోళం ఇంకోటి. మా మీటింగులో ఒకాయన ఎఫ్‌టీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీఎస్ మూడూ ఒకటే అన్నట్టు మాట్లాడేశారు. ఎఫ్‌టీపీ మొదటి స్పెసిఫికేషన్ 1971 ఏప్రిల్‌లో రాసింది మనవాడే తెలుసా.. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్ళిన అభయ్ భూషణ్. అప్పటికది గొప్ప పని. కానీ అందులో పాస్‌వర్డ్ కూడా బట్టబయలుగా వెళ్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ 2021లో ఎఫ్‌టీపీని పూర్తిగా తీసేశాయి. ఎఫ్‌టీపీఎస్ అంటే అదే ఎఫ్‌టీపీకి టీఎల్‌ఎస్ ముసుగు, రెండేసి కనెక్షన్లతో ఫైర్‌వాల్ వాళ్ళ ప్రాణం తీస్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీకి ఎఫ్‌టీపీతో చుట్టరికం పేరులోనే, అది ఎస్‌ఎస్‌హెచ్ మీద ఒకే పోర్టులో నడిచే వేరే ప్రోటోకాల్. క్లయింటు "ఎఫ్‌టీపీ డీటెయిల్స్ పంపండి" అంటే ముందు ఏదో అడిగి తెల్సుకోండి.

"ఇవన్నీ ఎందుకు, ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ ప్రోడక్టు కొంటే గొడవ వదిలిపోతుంది కదా" అనేవాళ్ళకి ఒక్క మాట. 2023 మే నెలాఖరులో మూవిట్ ట్రాన్స్‌ఫర్‌లో బయటపడిన కన్నం గుర్తుందా? ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్! మనం కాలేజీలో చదివిన పాత రోగమే. క్లాప్ అనే ముఠా దాన్ని పట్టుకుని రెండు వేలకు పైగా సంస్థల డేటా ఎత్తుకెళ్ళింది. అదే ఏడాది మొదట్లో గోఎనీవేర్, అంతకుముందు 2020 డిసెంబరులో ఆక్సెలియన్, 2024 డిసెంబరులో క్లియో. అన్నీ "సురక్షితంగా ఫైళ్ళు పంపడానికే" అమ్మిన సరుకులు. ఇలాంటి సర్వర్లలో పని అయిపోయాక కూడా ఫైళ్ళు అలాగే పడుంటాయి, దొంగకి అదే పండగ. పంపిన ఫైలు అవతలివాళ్ళకి అందగానే దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోవడం ఏ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ కాపాడుతుంది. మా లింకుకి ఏడు రోజుల గడువు ఉండి ఉంటే మా సీనియర్ కథ వేరేలా ఉండేదేమో.

పోనీ ఉచితంగా దొరికేవి వాడదామా అంటే, 2020 మే నెలలో లాక్‌డౌన్‌లో అందరం ఇళ్ళనుంచి పని చేస్తుండగా మన టెలికం శాఖ వీట్రాన్స్‌ఫర్‌ని బ్లాక్ చేయించింది. ఫైర్‌ఫాక్స్ సెండ్ నాకు భలే నచ్చేది, 2019 మార్చిలో వచ్చి 2020 సెప్టెంబరుకి మూతపడింది, మాల్‌వేర్ పంపేవాళ్ళు దాన్ని వాడేసుకుంటున్నారని. 2025 జూలైలో వీట్రాన్స్‌ఫర్ తన నిబంధనల్లో మెషీన్ లెర్నింగ్ గురించి ఒక వాక్యం చేర్చింది, జనం గోల పెడితే ఫైళ్ళని ఏఐ శిక్షణకి వాడట్లేదని చెప్పి ఆ వాక్యం తీసేసింది. పెళ్ళి వీడియో పంపుకోడానికి ఇవి చాలు. క్లయింటు డేటాకి మనం సంతకం పెట్టిన ఒప్పందం ఉంటుంది, వీళ్ళతో మనకే ఒప్పందమూ లేదు.

మరి నేనేం ఎంచుకుంటాను? నా లెక్క చాలా సింపుల్.

రోజూ, వారంవారం, మెషీనుకి మెషీను పంపే ఫైళ్ళయితే ఎస్‌ఎఫ్‌టీపీ, పాస్‌వర్డ్ కాకుండా కీతో. రెండువైపులా లినక్సే అయితే ఆర్‌సింక్ ఇంకా సుఖం. తెగిపోయినా సగం ఫైలుని ఉంచుకుని మిగతాది పంపేలా పెట్టుకోవచ్చు, మారిన భాగం మాత్రమే పంపడం దానికి 1996 నుంచీ వచ్చిన విద్య. ఎప్పుడో ఒకసారి, అవతల మనిషి దించుకోవాల్సిన ఫైలయితే కంపెనీ సొంత క్లౌడ్ బకెట్‌లో పెట్టి గడువున్న లింకు ఇవ్వడం. అమెజాన్ ఎస్-3లో ఇలాంటి లింకు మహా అయితే ఏడు రోజులు బతుకుతుంది. అవతలివాడు ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, బ్రౌజరు చాలు. ఏ దారైనా సరే పంపేముందు ఫైలుని ఎన్‌క్రిప్ట్ చెయ్యడం, పాస్‌వర్డ్ అదే మెయిల్లో కాకుండా ఫోన్లో చెప్పడం, షా-256 చెక్‌సమ్ ఇచ్చి రెండువైపులా సరిచూసుకోవడం. 38 జీబీ ఫైల్లో ఒక్క బైటు తేడా వచ్చినా కటోవర్ మధ్యలో తెలిస్తే ఏడవాల్సిందే.

ఇక ప్రోడక్టు ఏదైనా కొనేముందు డెమో చూసి మోసపోకండి. 40 జీబీ డమ్మీ ఫైలు తయారుచేసి, క్లయింటు ఉన్న దేశానికి పంపుతూ, సగంలో నెట్ కేబుల్ పీకండి. పది నిమిషాల తర్వాత మళ్ళీ పెట్టండి. అక్కణ్ణుంచే మొదలెడితే మాట్లాడండి, లేకపోతే బ్రోచరు వెనక్కి ఇచ్చెయ్యండి. ఈ పరీక్షకి ఎక్సెల్ షీటు అక్కర్లేదు.

సెక్యూరిటీ వాళ్ళు అనే మాట నాకు తెలుసు. "సౌకర్యం కోసం భద్రత వదులుకోమంటావా?" అని. అబ్బే. వాడలేనంత కష్టంగా ఉన్న భద్రతని జనం దాటేసి వెళ్తారు, అప్పుడు మీకు లాగ్ కూడా ఉండదు. సరైన దారి సులువుగా ఉంటేనే అందరూ అందులో నడుస్తారు. రాత్రి ఒంటిగంటకి ఫోనెత్తే మనిషి ఒకడు ఉండాలి, మొదటి దారి పోతే వాడుకోడానికి ముందే ఒప్పుకున్న రెండో దారి ఒకటి ఉండాలి. ఈ రెండూ ఏ ప్రోడక్టుతోనూ రావు, మనమే ఏర్పాటు చేస్కోవాలి.

మొన్నటి మీటింగులో ఇదంతా చెప్పాను. కేబుల్ పీకే పరీక్షకి ఒప్పుకున్నారు, వచ్చేవారం ఉంది. రెండో దారి సంగతి మాత్రం "తర్వాత చూద్దాం" అన్నారు. ఈసారి నేను వదిలేలా లేను, మెయిల్లో రాసి పెట్టాను. ఒకసారి నోరు మెదపకుండా కూర్చున్నాను, చాలు.

మీ ఆఫీసులో రెండో దారి ఉందా? లేకపోతే రేపే అడగండి.. అర్ధరాత్రి అవసరం పడకముందే.