సముద్రపు నీటికుక్కకు సహవాసము

మన కావ్యములలో ముని యాశ్రమవర్ణన వచ్చినపుడెల్ల పులియు లేడియు ఒకే రేవున నీరు త్రాగుచుండును. పాము పడగ నీడలో కప్ప సేదదీరుచుండును. ఇది తపోమహిమ యని కవి చెప్పును, మనమును సంతోషముతో నమ్ముదుము. ఈనాటి జలజంతు ప్రదర్శనశాలలను కట్టువారిలో కొందరికి తపస్సు లేకయే ఆ మహిమ కావలసియున్నది. ఒక పెద్ద అద్దపు తొట్టి, అందులో చేపలు, పీతలు, సముద్రపక్షులు, వీని నడుమ వెల్లకిల తేలుచు ఒక సముద్రపు నీటికుక్క, ఇన్నియు కలసిమెలసి యుండగా జనులు టిక్కెట్టు కొని చూతురని వారి యాశ. ఈ యాశ తగినది కాదని నా యభిప్రాయము.

నీటికుక్క యనగానే మనకు కోరంగి మడ అడవులలోని జంతువు తలపునకు వచ్చును. ఇది దాని దూరపు చుట్టము. ఉత్తర పసిఫిక్ మహాసముద్రపు చల్లని నీటిలో, కాలిఫోర్నియా, అలాస్కా, రష్యా తీరముల వెంట ఇది జీవించును. తిమింగలమునకును సీలునకును చర్మము క్రింద దళసరి క్రొవ్వుపొర కలదు, దీనికి లేదు. చలిని ఆపునది బొచ్చు ఒక్కటే. చదరపు సెంటీమీటరునకు లక్షకు పైగా వెండ్రుకలుండు నంత దట్టమైన బొచ్చు మఱి యే జంతువునకును లేదు. ఆ వెండ్రుకల నడుమ గాలి నిలిచియున్నంతవరకే దానికి వెచ్చదనము. మురికియో నూనెయో అంటి గాలి తొలగెనా, ప్రాణము మీదికి వచ్చును. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌకనుండి చమురు ఒలికినపుడు అలాస్కా తీరమున ఈ జంతువుల కళేబరములు వందలకొలదిగా దొరికినవి. ఇక ఒంటి వేడి నిలుపుకొనుటకు ఇది దినమునకు తన బరువులో నాలుగవవంతు వరకు తినును. ముప్పది కిలోల జంతువునకు ఆరేడు కిలోల తిండి! తిన్నదంతయు ఏమగునో చెప్పనక్కఱలేదు. ఆ తొట్టినీటిని శుభ్రముగా నుంచుట యే ఒక గొప్ప వ్యవసాయము. నీటిలోని మలినమును చంపుటకు క్లోరిను వంటిది కలిపినచో అదే తొట్టిలోని చేపలకును పీతలకును అది విషమగును. కలపకున్న బొచ్చు చెడును. ఒక తొట్టిలో ఇద్దరికిని సుఖము కూర్చుట ఇక్కడనే కష్టమని తేలుచున్నది.

"కడుపు నిండ పెట్టినచో ఇతరుల జోలికి పోదు గదా" యని కొందరందురు. ఇంటిపిల్లికి పాలు పోసి ఎలుకను నమ్మించినట్లున్నది ఈ మాట. ఈ జంతువు చేతులు ఊరకుండవు. ముంగాళ్ల క్రింద వదులుగా వ్రేలాడు చర్మపు సంచిలో అది ఏరిన తిండిని దాచుకొనును, ఒక్కొక్కసారి తనకు నచ్చిన రాతిని గూడ దాచుకొనును. రొమ్ముపై రాయి పెట్టుకొని దానిపై చిప్పను కొట్టి పగులగొట్టు దాని నేర్పు చూచి పిల్లలు మురియుదురు. ఆ చేతులకే తొట్టిలోని ప్రతి జీవియు పరీక్షింపదగిన వస్తువు. అలాస్కాలో ఇవి చేపలను పట్టి తినుట కలదు, సముద్రపక్షులను పట్టి తిన్న సందర్భములను సైతము శాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. సీలులతో నుంచిన నేమి యందురా? మాంటెరే తీరమున 2000, 2002 సంవత్సరముల మధ్య కొన్ని మగ నీటికుక్కలు సీలు పిల్లలను పట్టి నీట నదిమి హింసించి చంపిన ఉదంతములు 2010లో ప్రకటితమైనవి. బొమ్మవలె ముద్దుగా కనబడు ముఖమును చూచి స్వభావమును నిర్ణయింపరాదు.

అయినను వారి పక్షమున ఒక మంచి మాట కలదు, దానిని త్రోసివేయరాదు. నీటికుక్కను ఒంటరిగా చూపినచో అది ఆటబొమ్మగా మిగులును, సముద్రములో దాని పని యేమో బాలునకు తెలియదు. నిజమే. ఆ పని చాల గొప్పది. 1974లో ఎస్టెస్, పాల్మిసానో అను శాస్త్రజ్ఞులు అల్యూషియన్ దీవులలో నీటికుక్కలున్న చోటును లేని చోటును పోల్చి చూచిరి. ఉన్నచోట కెల్ప్ అను సముద్రపు నాచు అడవివలె పెరిగియున్నది. లేనిచోట ముండ్లబంతి వంటి సీ అర్చిన్ అను జీవి విరివిగా పెరిగి ఆ నాచును మేసివేసినది. నీటికుక్క అర్చిన్లను తినును గనుక నాచు బ్రతుకును, నాచును ఆశ్రయించిన చేపలును బ్రతుకును. బొచ్చుకొఱకు మనుష్యులు నూట ఏబది ఏండ్లకు పైగా దీనిని వేటాడి, 1911లో రక్షణ ఒప్పందము కుదురునప్పటికి వేయి రెండువేలకు దించిరి. దానివలన పోయినది ఒక్క జంతువే కాదన్న సంగతి తరువాత గాని తెలియలేదు.

కాని ఈ పాఠమును తొట్టిలో చెప్పుట యెట్లు? అర్చిన్లను నీటికుక్కతో కలిపి విడిచినచో అవి ఎన్ని పూటలు నిలుచును? నిలిచినచో పాఠము అబద్ధము, నిలువకున్న ప్రదర్శనము ఖాళీ. సముద్రమునకు హద్దు లేదు గనుక అక్కడ తినుటయు తినబడుటయు తూకముగా సాగును. నాలుగు గోడల నడుమ ఆ తూకము నిలువదు.

లిస్బన్ నగరమున 1998లో తెఱచిన ఓషనేరియములో దీనికొక ఉపాయము చేసిరి. నడుమ ఏబది లక్షల లీటర్ల నీరుగల పెద్ద తొట్టి, దాని చుట్టు నాలుగు వేర్వేఱు సముద్రముల తొట్లు, వాని నడుమ పారదర్శకమైన ఆక్రిలిక్ గోడలు. నీటికుక్కల తొట్టి అందులో పసిఫిక్ భాగమునకు చెందినది. చూచువానికి అంతయు ఒకే సముద్రమని తోచును, నీరు మాత్రము కలియదు. ఇది నాకు నచ్చినది. అయితే గోడను దాచుటకంటె గోడ యున్నదని పిల్లలకు చెప్పుట మేలు. "ఈ గోడ ఎందులకు?" అని ఒక విద్యార్థి అడిగెనా, ఉపాధ్యాయునకు అంతకు మించిన పాఠ్యారంభము దొరకదు.

తోడు లేకున్న జంతువు విసుగు చెందునను మాట మిగిలినది. దానికి కావలసిన తోడు తన జాతియే. సముద్రములో ఇవి గుంపులుగా తేలుచు విశ్రమించును. జపానులో 1994లో 122 ఉండగా, దిగుమతి ఆగి సంతతి పెరుగక, 2025 జనవరి నాటికి తోబా నగరపు ప్రదర్శనశాలలో రెండు ఆడవి మాత్రము మిగిలినవి. చేపలెన్ని చేర్చినను ఆ లోటు తీరునా?

మాంటెరే బే అక్వేరియములో 2001 నుండి తల్లిలేని పిల్లలను పెంపుడు తల్లులైన ఆడ నీటికుక్కలకు అప్పగించి పెంచుచున్నారు. అట్లు పెరిగి సముద్రమునకు పోయిన పిల్లలు ఎల్క్‌హార్న్ స్లౌ అను కయ్యలో తమ జాతిని వృద్ధి చేసినవి. ఆ పిల్లలను చేరబోవు మనుష్యులు నల్లని వస్త్రము కప్పుకొని, ముఖమునకు వెల్డింగు పనివారి ముసుగు తగిలించుకొని పోవుదురు. మనిషి రూపము దాని మనస్సున నాటుకొనరాదని!