శిక్షణ కూడా నర్సు హక్కే

పసుపు పండే ఆలూర్, ఆర్మూర్ పల్లెల్లో పురుగుమందు ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. అది తాగిన మనిషి రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండాల్సివస్తే, మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమరుస్తారు. దీన్నే ట్రకియాస్టమీ అంటారు. ఆపరేషన్ డాక్టరు చేస్తారు. ఆ తర్వాత రాత్రీ పగలూ కాపలా నర్సుదే. కఫం అడ్డుపడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఒక్కసారి సక్షన్ 15 సెకన్లు దాటకూడదనీ, అదే సైజు గొట్టమొకటి, చిన్నదొకటి మంచం పక్కనే ఉంచాలనీ, మాట రాని రోగికి పలకో కాగితమో ఇవ్వాలనీ ఆమెకి నేర్పేదెవరు? చాలాచోట్ల సీనియర్లని చూసి నేర్చుకోవడమే. పొరపాటు జరిగితే నింద మాత్రం ఆమె మీదే.

సేవ స్త్రీల సహజగుణమంటారు. సహజగుణానికి శిక్షణెందుకు, జీతమెందుకు అన్న వాదన అందులోంచే పుట్టిందని నేననుకుంటాను. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో వేసిన కమిటీ, ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సు జీతం 20,000 రూపాయలకు తగ్గకూడదంది. ఆ జీతంతోపాటు డ్యూటీ వేళల్లోనే, బొమ్మ మీద చేయించి నేర్పే శిక్షణ కూడా మనం అడగాలి. గొట్టంతోనే ఇల్లు చేరిన రోగిని చూసుకునేది భార్యో, కోడలో. ఆమెకి నేర్పాల్సిందీ ఈ నర్సే. మీ దగ్గరి ఆసుపత్రిలో ఈ శిక్షణ ఉందో లేదో వెళ్ళి అడగండి.