శూన్యమునకు కొలత

వేసవి రాత్రి పొదిలి ప్రాంతపు పల్లెలలో ఆరుబయట మంచము వేసికొని పరుండినవానికి ఆకాశమంతయు చుక్కలతో నిండియున్నట్లు తోచును. వైశాఖమున రాత్రి పది గంటల వేళ ఇంచుమించు నడినెత్తిన నారింజవన్నెతో ఒక చుక్క మెఱయుచుండును. అదియే స్వాతి. ప్రత్తి, మిరప పండించు రైతునకు ఈ పేరు చిరపరిచితము. దీపావళి ప్రాంతమున వచ్చు కార్తెకు ఈ చుక్క పేరే పెట్టిరి.

నిండుగా కనబడు ఆ ఆకాశముననే, స్వాతికి ఉత్తరముగా, శాస్త్రలోకమున పేరుపడిన పెద్ద వెలితి యొకటి కలదు. అది కంటికి కనబడదు. అచట కనబడు చుక్కలన్నియు దగ్గరివి. కాంతి సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అట్లు ఒక సంవత్సరమున పోవు దూరమును కాంతి సంవత్సరమందురు. స్వాతి మనకు సుమారు 37 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. ఆ వెలితియో, సుమారు 70 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. దాని అడ్డుకొలతయే 33 కోట్ల కాంతి సంవత్సరములు! ముంగిటి వేపచెట్టు ఆకుల సందునుండి దూరపు కొండను చూచునట్లు, ఈ దగ్గరి చుక్కల సందునుండి దూరదర్శినులు దానివైపు చూచుచున్నవి.

ఏమియు లేనిచోటును కనుగొనుట యెట్లు? గెలాక్సీలనగా కోట్లకొలది నక్షత్రముల కూటములు. మన పాలపుంత అట్టివానిలో ఒకటి. విశ్వము విస్తరించుచుండుటచే, గెలాక్సీ ఎంత దూరమున నున్న దాని కాంతి అంతగా ఎఱుపువైపు జరుగును. ఆ జరుగుబాటును బట్టి దూరమును లెక్కకట్టుదురు. 1981లో కిర్ష్‌నర్, ఓమ్లర్, షెక్టర్, షెక్ట్‌మన్ అను నలుగురు ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమున మూడు చిన్న భాగములను ఎన్నుకొని, వానియందలి గెలాక్సీల దూరములను ఒక్కొక్కటిగా కొలిచిరి. మూడింటియందును ఒకే దూరమున పెద్ద ఎడము కానవచ్చెను. తరువాతి పరిశోధనలలో, సుమారు 2,000 గెలాక్సీలు ఉండదగిన ఆ ప్రదేశమున 60 వరకు మాత్రమే కనబడినవి.

ఇట్టి శూన్యములు విశ్వమున అనేకములు కలవు. విశాలమైన చేల గట్లమీద తాడిచెట్లు బారులుతీరి, చేల నడుమ ఒక్క చెట్టును లేకున్న ఎట్లుండునో, గెలాక్సీల అమరిక ఇంచుమించు అట్లుండును. విశ్వమున అధికభాగము ఆ చేల నడిమిచోటు వంటిదే. నీరు పల్లమెరుగునన్నట్లు, ఆదికాలమున పదార్థము కొంచెము దట్టముగా నున్న చోటులే గురుత్వాకర్షణచే మఱింత పదార్థమును లాగికొన్నవి. పలుచగా నున్న చోటులు నానాటికి మఱింత పలుచనైనవి. మన పాలపుంత కూడ అట్టి శూన్యమొకదాని అంచుననే యున్నది.

త్రాగునీటికే ఇక్కట్లుపడు సీమలో ఈ దూరపు శూన్యముల గోల యేల యని కొందఱు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. శూన్యమును గూర్చి తెలిసికొన్నంత మాత్రమున బావిలో నీరూరదు. కాని ఆ నీటి కథయే దీనికి సమాధానము చెప్పును. పొదిలి ప్రాంతపు బావులలో నీరు తేటగా నుండెడిది. రంగు లేదు, వాసన లేదు. చూచినవారికి అందు దోషమేమియు కానరాలేదు. కాని ఆ నీరు త్రాగినవారి పండ్లు గారపట్టెను; ఎముకలు వంకరపోయెను. 1937లో షార్ట్ మొదలగు వైద్యశాస్త్రజ్ఞులు, నాడు పొదిలి కూడ చేరియుండిన నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని పరిశోధించి, నీటియందలి ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. కన్ను ఏమియు లేదన్నచోట కొలత ఉన్నదనెను. స్వాతి దిక్కున కన్ను నిండుగా నున్నదన్నచోట కొలత వెలితి యనెను. రెండుచోటులను పనిచేసిన బుద్ధి యొక్కటియే.

కావున కొలిచెడి బుద్ధిని కడుపు నిండినవారి వేడుకగా నెంచరాదు. అది కఱవుసీమ బిడ్డలకే ఎక్కువ అవసరము. చూడక లేదనుట సులభము. కొలిచి లేదనుట విద్య. ఆ విద్య దగ్గరి బావియొద్దనో, దూరపు ఆకాశముననో, ఎచటనైన అలవడవచ్చును. ఒకచోట అలవడినది మఱియొకచోట అక్కఱకు వచ్చును.

మన పాలపుంత స్వాతి దిక్కునగల ఆ శూన్యము నట్టనడుమ నుండినచో, ఇతర గెలాక్సీలు కలవని 1960 ప్రాంతము వరకు మానవునకు తెలిసెడిది కాదని ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు అంచనా వేసెను. చుట్టును చీకటియే కనబడ, లోకమంత మాత్రమే యని మానవజాతి తృప్తిపడియుండెడిది. చదువులేని బ్రదుకును అట్టిదే. తన అంచు దాటి ఏమియు లేదని అది నమ్మును. పొదిలి పిల్లవాడు ఈ వేసవిలో స్వాతిని గుర్తించి, దాని కుత్తరముగా ఒక్కసారి చూచుగాక. అచటి వెలితి అతని కంటికి కనబడదు. అయినను ఏమియు కనబడనిచోట కూడ తెలిసికొనవలసినది కలదని అతడెఱుగును.